బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎంపీఎస్ మార్చడం: కార్డు కొనేది చివర్న

మా అక్క కొడుకు హిందూపురం నుంచి చదువుకోసం బెంగళూరు వచ్చినప్పుడు, ఆఫీసులు వాడి అమ్మేసిన రీఫర్బిష్డ్ డెస్క్‌టాప్ ఒకటి కొనిచ్చాను. ఐ5-8500 ప్రాసెసరు, 16 జీబీ ర్యామ్. రెండో ఏడాదికి వాడు బ్లెండర్ అనే 3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్ పట్టుకున్నాడు. రాత్రి రెండరింగుకి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి సగం కూడా అయ్యేది కాదు. “మామయ్యా, గ్రాఫిక్స్ కార్డొకటి వేస్తే చాలంట” అన్నాడు. నేనూ అంతే అనుకున్నాను. ఒక శనివారం ఎస్పీ రోడ్డుకి వెళ్ళి కార్డు, 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటిచ్చే పెట్టె) రెండూ తెచ్చాం. ఇంటికొచ్చి క్యాబినెట్ మూత తీస్తే, కొత్త ఎస్‌ఎంపీఎస్‌కి ఉన్న 24 పిన్నుల ప్లగ్గు పెట్టే సాకెట్టే మదర్‌బోర్డు మీద లేదు. కార్డేమో హార్డ్‌డిస్క్ పెట్టే ఇనుప అరకి తగిలి లోపలికి దిగలేదు. రెండు శనివారాలు, రెండు ఆటో చార్జీలు పోయాక పని పూర్తయింది.

ఆ తర్వాత చుట్టాలకీ, ఆఫీసులో తోటివాళ్ళకీ ఇలాంటివి చాలా చేశాను. మారతహళ్ళి, కె.ఆర్. పురం పీజీల్లో ఉండే మన పిల్లల దగ్గర ఇలాంటి సిస్టమ్‌లే ఎక్కువ. అందరూ కార్డు పేరుతోనే మొదలుపెడతారు. అసలు అడగాల్సిన వరుస వేరు: బోర్డుకి కరెంటు ఏ ప్లగ్గుతో వస్తోంది, లోపల జాగా ఎంతుంది, ఎన్ని వాట్లు కావాలి. ఈ మూడూ తేలాక మిగిలే కార్డుల్లోంచే మీ కార్డు. అదే వరుసలో చెబుతాను.

1. ముందు మీ దగ్గరున్నది ఏమిటో తెలుసుకోండి

క్యాబినెట్ పక్కన గానీ వెనక గానీ స్టిక్కరు మీద మోడల్ నంబరు, సీరియల్ నంబరు ఉంటాయి. ఫోన్లో ఫొటో తీసుకోండి. ఆ మోడల్‌కి కంపెనీ సైట్లో సర్వీస్ మాన్యువల్ దొరుకుతుంది, డబ్బులు కట్టక్కర్లేదు. మూత ఎలా తీయాలి, ఏ స్క్రూ ఎక్కడుంది, బోర్డు మీద ఏ సాకెట్టు దేనిది, అన్నీ బొమ్మలతో ఉంటాయి. యూట్యూబ్ వీడియోలకంటే ముందు ఇది చదవండి. వీడియోలో ఉన్నది మీ మోడలే అని నమ్మకం లేదు, పేరు ఒకటే అయినా పెద్ద క్యాబినెట్, చిన్న క్యాబినెట్ లోపల పూర్తిగా వేరు.

సిస్టమ్ ఇంకా వారంటీలో ఉంటే ఒక్కసారి ఆగండి. ఎస్‌ఎంపీఎస్ మార్చితే వారంటీ చెల్లదని కొన్ని కంపెనీలు షరతుల్లో రాస్తాయి. చదివి నిర్ణయించుకోండి.

ప్రాసెసరు ఏ తరానిదో కూడా చూడండి. ఇంటెల్ 6, 7 తరాల ప్రాసెసర్లు చాలావరకు విండోస్ 11 అధికారిక జాబితాలో లేవు, విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. అలాంటి సిస్టమ్‌లో ఖరీదైన కార్డు పెట్టడం నాకైతే ఇష్టం ఉండదు. ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపి 8వ తరం లేదా తర్వాతి సెకండ్ హ్యాండ్ సిస్టమ్ తీసుకోమంటాను.

2. మూత తీసి చూడాల్సినవి

సిస్టమ్ షట్‌డౌన్ చేసి, వెనక కరెంటు తీగ పీకేసి, ఆ తర్వాత పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు పోతుంది. రంగు వేయని ఇనుప భాగాన్ని ఓసారి ముట్టుకోండి. మన ఊళ్ళో ఫిబ్రవరి, మార్చి నెలల్లో గాలి బాగా పొడిగా ఉంటుంది, నైలాన్ చొక్కా వేసుకుని కార్పెట్ మీద కూర్చుంటే ఒంట్లో స్టాటిక్ చేరుతుంది. నేల మీద కాకుండా చెక్కబల్ల మీద పెట్టుకుంటే నడుముకీ మంచిది.

మొదట చూడాల్సింది బోర్డుకి కరెంటు వచ్చే ప్రధాన ప్లగ్గు. బయట షాపులో అసెంబుల్ చేసిన సిస్టమ్‌లలో అది 24 పిన్నులది, ప్రపంచమంతా ఒకటే. డెల్, హెచ్‌పీ, లెనోవోల ఆఫీసు మోడళ్ళు చాలావాటిలో అలా ఉండదు. డెల్ ఆప్టిప్లెక్స్‌లలో 8 పిన్నులు లేదా 6 పిన్నులు, హెచ్‌పీ వాటిలో 6 పిన్నులు, లెనోవో థింక్‌సెంటర్‌లలో 10 లేదా 14 పిన్నులు తరచుగా కనిపిస్తాయి. వీటిలో బోర్డుకి ఎస్‌ఎంపీఎస్ నుంచి ప్రధానంగా 12 వోల్టులే వస్తాయి, 5, 3.3 వోల్టులు బోర్డే తయారు చేసుకుంటుంది. అందుకే ఈ సిస్టమ్‌లలో హార్డ్‌డిస్కులకి కరెంటు తీగ ఎస్‌ఎంపీఎస్ నుంచి కాక బోర్డు నుంచి వస్తుంది. ఇది మోసం కాదు, కరెంటు ఆదా కోసం చేసిన పద్ధతే. మనకి తెలియకపోతేనే ఇబ్బంది.

పిన్నులు లెక్కపెట్టి ఫొటో తీయండి. ప్లగ్గు మీద తీగల రంగులు కూడా కనిపించేలా తీయండి. ప్రాసెసరు పక్కన 4 పిన్నుల ప్లగ్గు ఇంకోటి ఉంటుంది, అది దాదాపు అన్నిటిలో మామూలు రకమే.

రెండోది ఎస్‌ఎంపీఎస్ ఆకారం. మామూలు ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్ 150 మిల్లీమీటర్ల వెడల్పు, 86 ఎత్తు ఉంటుంది, పొడవు 140 నుంచి మొదలవుతుంది. టేపుతో కొలవండి. వెనకవైపు నాలుగు స్క్రూల అమరిక కూడా చూడండి. సన్నగా పొడుగ్గా ఉంటే అది వేరే రకం, మామూలు ఎస్‌ఎంపీఎస్ అందులో కూర్చోదు. నిలువు టవర్ మోడళ్ళలో చాలావరకు కుదురుతుంది, కొన్నిట్లో కుదరదు. కొలత ఒక్కటే ఆధారం.

మూడోది కార్డుకి జాగా. కార్డు దిగే పొడవాటి పీసీఐఈ స్లాటు దగ్గర, వెనక పట్టీ నుంచి ముందు తగిలే మొదటి అడ్డం దాకా కొలవండి. అడ్డం అంటే హార్డ్‌డిస్క్ అర కావచ్చు, ముందు ఫ్యాను కావచ్చు, బోర్డు అంచున నిలబడి ఉన్న సాటా ప్లగ్గులు (హార్డ్‌డిస్క్ తీగలు పెట్టేవి) కావచ్చు. ఆ సాటా ప్లగ్గుల సంగతి చాలామంది మర్చిపోతారు. కార్డు కింద నలిగి విరుగుతాయి. వచ్చిన కొలతలోంచి పది మిల్లీమీటర్లు తగ్గించి రాసుకోండి. ఒక ఫ్యాను కార్డులు సుమారు 170 మిల్లీమీటర్లు, రెండు ఫ్యాన్లవి 200 నుంచి 250 ఉంటాయి. స్లాటు పక్కన ఇంకో స్లాటు ఖాళీగా ఉందో లేదో చూడండి, దాదాపు అన్ని కార్డులూ రెండు స్లాట్ల మందం తింటాయి. కార్డు పైన పెట్టే కరెంటు ప్లగ్గు మూతకి తగలకుండా మూడు, నాలుగు సెంటీమీటర్లు అయినా ఉండాలి.

3. చిన్న క్యాబినెట్ అయితే

మీది నోట్‌బుక్కుల కట్టంత సన్న క్యాబినెట్ అయితే ఎస్‌ఎంపీఎస్ ఆలోచన మానేయండి. స్లాటు ఇచ్చే కరెంటుతోనే నడిచే పొట్టి కార్డు చూసుకోండి. పీసీఐఈ స్లాటు ప్రమాణం ప్రకారం గరిష్ఠంగా 75 వాట్లు ఇస్తుంది. ఆర్‌టీఎక్స్ 3050లో 6 జీబీ రకం 70 వాట్లే తీసుకుంటుంది, విడిగా ప్లగ్గు అక్కర్లేదు, పొట్టి పట్టీతో కూడా వస్తుంది. ఇక్కడ పేరు జాగ్రత్త: అదే 3050 పేరుతో ఉన్న 8 జీబీ రకం 130 వాట్లది, దానికి ప్లగ్గు కావాలి. ఏఎండీ ఆర్ఎక్స్ 6400 ఇంకా తక్కువ, 53 వాట్లు, కానీ అది స్లాటులో నాలుగు లేన్లే (డేటా దారులు) వాడుకుంటుంది కాబట్టి పాత పీసీఐఈ 3.0 బోర్డులో వేగం తగ్గుతుంది.

కొన్ని చిన్న మోడళ్ళ స్లాట్లు 75 కూడా ఇవ్వవు. మాన్యువల్‌లో స్లాటుకి ఎన్ని వాట్లు అని రాసి ఉంటుంది, అది చూడకుండా కొనొద్దు. ఒకవేళ కుదిరితే మీ పని ఇక్కడితో సగం తేలిపోయినట్టే, తర్వాతి మూడు భాగాలు వదిలేసి నేరుగా 7కి, అక్కణ్ణుంచి 9కి వెళ్ళండి. పెద్ద క్యాబినెట్ ఉన్నవాళ్ళకీ నేను ముందు ఈ దారే చెబుతాను. అవసరం అంతదే అయితే ఎస్‌ఎంపీఎస్ మార్చకపోవడమే మంచి పని.

4. వాట్ల లెక్క

మా మేనల్లుడి సిస్టమ్‌ని ఉదాహరణగా తీసుకుందాం. ఐ5-8500కి కాగితం మీద 65 వాట్లు. టర్బోలో ఉన్నప్పుడు అది దాటుతుంది కాబట్టి 100 వేసుకుందాం. బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఫ్యాన్లు, హార్డ్‌డిస్క్ కలిపి 50. కార్డు ఆర్‌టీఎక్స్ 4060 అయితే 115, ఆర్ఎక్స్ 6600 అయితే 132, ఆర్‌టీఎక్స్ 3060 అయితే 170. అంటే 265 నుంచి 320 దాకా. కార్డు ఒక్కో క్షణంలో కాగితం మీది అంకెని దాటి లాగుతుంది, అందుకని మూడో వంతయినా పైన వదలాలి. ఈ మూడు కార్డుల్లో దేనికైనా 550 వాట్ల మంచి ఎస్‌ఎంపీఎస్ హాయిగా సరిపోతుంది. 4060కీ 3060కీ ఎన్విడియా చెప్పే అంకె కూడా 550. 750 కొనమని షాపులో చెబుతారు. ఇలాంటి సిస్టమ్‌కి అక్కర్లేదు. ఆ తేడా డబ్బు నాణ్యత మీద పెట్టండి.

అసలు చూడాల్సింది పెట్టె మీది పెద్ద అంకె కాదు, పక్కన స్టిక్కరులో +12 వోల్టుల వరుస. వోల్టుల్ని ఆంపియర్లతో గుణిస్తే వాట్లు. 12 వోల్టుల దగ్గర 18 ఆంపియర్లు అని రాసి ఉంటే అది 216 వాట్లు మాత్రమే, పైన 450 అని ఎంత పెద్ద అక్షరాలతో ఉన్నా సరే. ప్రాసెసరూ కార్డూ రెండూ 12 వోల్టుల మీదే బతుకుతాయి. మంచి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌లో 12 వోల్టుల మీదే 500కి పైగా, అంటే 42 ఆంపియర్లు లేదా ఇంకా ఎక్కువ కనిపించాలి.

ఒకసారి మా ఆఫీసు కుర్రాడొకడు పేరూ ఊరూ లేని ఎస్‌ఎంపీఎస్ తెచ్చాడు. తూకం చేతికి తేలిగ్గా ఉంది. స్టిక్కరులో 12 వోల్టుల వరుస చూసి వెనక్కి ఇచ్చేయమన్నాను, వినలేదు. మూడో వారానికి గేము మధ్యలో చప్పుడు చేసి ఆరిపోయింది, బోర్డుని కూడా తీసుకుపోయింది. ఎస్‌ఎంపీఎస్ దగ్గర పొదుపు చేస్తే పోయేది ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే కాదు. అందుకే దీని మీద ఇంత పట్టుబడతాను.

5. ఎస్‌ఎంపీఎస్ ఎంచుకోవడం, ఎడాప్టరు తీగ

80 ప్లస్ గుర్తు ఉన్నదే తీసుకోండి. బ్రాంజ్ అంటే సగం లోడు దగ్గర సుమారు 85 శాతం సామర్థ్యం, చాలు. అయితే ఆ గుర్తు కరెంటు ఎంత వృథా అవుతుందో చెబుతుందే తప్ప లోపలి రక్షణ సంగతి చెప్పదు. ఓవర్ కరెంట్, ఓవర్ వోల్టేజ్, షార్ట్ సర్క్యూట్ రక్షణలు ఉన్నాయని స్పెసిఫికేషన్‌లో కనపడాలి. కోర్సెయిర్, కూలర్ మాస్టర్, యాంటెక్, డీప్‌కూల్ లాంటివి ఇక్కడ సులువుగా దొరుకుతాయి, కానీ ఒకే బ్రాండులో కూడా చవక వరుస, మంచి వరుస ఉంటాయి. బ్రాండు పేరు చూసి కాకుండా ఆ మోడల్ రివ్యూ చదివి కొనండి. వారంటీ ఎన్నేళ్ళు ఇస్తున్నారన్నది కూడా ఒక సూచనే. ఐదేళ్ళు ఇచ్చేది మూడేళ్ళు ఇచ్చేదానికంటే నాకు నమ్మకం.

ఇక ఎడాప్టరు. బోర్డు సాకెట్టు మామూలుది కాకపోతే 24 పిన్నుల నుంచి మీ రకానికి మార్చే చిన్న తీగ కావాలి. ఇది పిన్నుల సంఖ్య చూసి కొనేది కాదు, మోడల్ నంబరు చూసి కొనేది. చూడ్డానికి ఒకేలా ఉన్న 6 పిన్నుల ప్లగ్గుల్లో కూడా ఒక్కో కంపెనీ తీగల వరుస ఒక్కోలా ఉంటుంది. తప్పు తీగ పెడితే బోర్డు కాలుతుంది. అమ్మేవాళ్ళు మీ మోడల్ పేరు స్పష్టంగా రాసి ఉంటేనే తీసుకోండి. తీగ మందం కూడా చూడండి. జడ నాడాలా సన్నగా ఉంటే వద్దు. కొన్ని హెచ్‌పీ మోడళ్ళలో ప్రధాన ప్లగ్గుతో పాటు ఎస్‌ఎంపీఎస్‌కీ బోర్డుకీ మధ్య ఇంకో చిన్న సంకేతాల ప్లగ్గు కూడా ఉంటుంది. ఎడాప్టరులో దాని తోక ఉందో లేదో సరిచూసుకోండి.

కార్డు వైపు ప్లగ్గులు: 6 పిన్నులది 75 వాట్లు, 8 పిన్నులది 150 వాట్లు ఇస్తాయి. ఎస్‌ఎంపీఎస్‌లో మీ కార్డుకి కావాల్సిన ప్లగ్గు పుట్టుకతోనే ఉండాలి. హార్డ్‌డిస్క్‌కి కరెంటిచ్చే సాటా ప్లగ్గుని కార్డు ప్లగ్గుగా మార్చే తీగలు అమ్ముతారు. వాటిని ముట్టుకోవద్దు. సాటా ప్లగ్గు 12 వోల్టుల దగ్గర 4.5 ఆంపియర్లకే, అంటే 54 వాట్లకే తయారైంది. దాన్నుంచి 150 లాగితే ప్లాస్టిక్ కరిగి అంటుకుంటుంది. కంపెనీ పాత ఎస్‌ఎంపీఎస్ ఉంచేసి ఈ తీగతో కార్డు నడిపించేయొచ్చని చెప్పేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ మాట వినకండి.

6. ఎస్పీ రోడ్డులో కొనేటప్పుడు

సదర్ పత్రప్ప రోడ్డు టౌన్ హాల్‌కి దగ్గర. గ్రీన్ లైన్ మెట్రోలో చిక్కపేట గానీ కె.ఆర్. మార్కెట్ గానీ దిగి నడవొచ్చు. ఆదివారం చాలా షాపులు మూస్తారు, శనివారం ఒత్తిడి. వీలైతే మామూలు రోజు పొద్దున్నే వెళ్ళండి. కన్నడం రాకపోయినా భయం లేదు, తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబిచ్చే షాపులు దొరుకుతాయి. ఆన్‌లైన్ ధర ఫోన్లో పెట్టుకుని నాలుగు షాపులు అడగండి. కొన్నిసార్లు ఆన్‌లైనే చవక, అప్పుడు మొహమాటపడక్కర్లేదు.

మీరు తీసిన ఫొటోలు, రాసుకున్న కొలతలు వెంట ఉండాలి. బిల్లు జీఎస్‌టీతో తీసుకోండి, దాని మీద సీరియల్ నంబరు ఉండాలి. బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామంటే, రెండేళ్ళ తర్వాత వారంటీ కోసం తిరిగేది మీరు. పెట్టె మీది సీరియల్, కార్డు మీది సీరియల్ ఒకటేనా అని కౌంటరు దగ్గరే చూడండి.

సెకండ్ హ్యాండ్ కార్డు గురించి రెండు మాటలు. 2022 సెప్టెంబర్ 15న ఈథీరియం అనే క్రిప్టో కరెన్సీ పద్ధతి మారి గ్రాఫిక్స్ కార్డులతో దాని మైనింగ్ (లెక్కలు చేయించి ఆ నాణేలు సంపాదించడం) ఆగిపోయాక, ఆ కార్డులు గుట్టలుగా పాత మార్కెట్టుకి వచ్చాయి. మైనింగ్ చేసిందని కార్డు చెడిపోయినట్టు కాదు, కానీ ఫ్యాన్లు అరిగి ఉంటాయి, లోపల థర్మల్ ప్యాడ్లు ఎండి ఉంటాయి. షాపులోనే పెట్టించి, పది నిమిషాలు లోడు మీద నడిపించి చూశాకే డబ్బివ్వండి. జీపీయూ-జడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాము పెన్‌డ్రైవులో తీసుకెళ్ళండి. పాత చవక చిప్పుకి పెద్ద కార్డు పేరు ఎక్కించి అమ్మే నకిలీలను చాలావరకు అది పట్టి, పేరు ముందు నకిలీ అని చూపిస్తుంది.

కార్డు ఏదన్నది మీ పనిని బట్టి. బ్లెండర్ లాంటి వాటికి ఆర్‌టీఎక్స్ కార్డులు ఆప్టిక్స్ అనే ఎన్విడియా రెండరింగు పద్ధతితో వేగంగా చేస్తాయి, మెమరీ ఎక్కువుంటే పెద్ద సీన్లు పడతాయి. అందుకే మావాడికి కొత్త 4060 కాకుండా 12 జీబీ ఉన్న 3060 ఒక ఫ్యాను రకం తీసుకున్నాం. కేవలం గేములకైతే 6600 కూడా చక్కటి కార్డు. ఇంటెల్ ఆర్క్ కార్డులు మాత్రం రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసరు ఒకేసారి అందుకునే సదుపాయం) లేని బోర్డులో బాగా వెనకబడతాయి, పాత ఆఫీసు సిస్టమ్‌లకి నేను చెప్పను.

7. విప్పడానికి ముందు రోజు

ముఖ్యమైన ఫైళ్ళు బ్యాకప్ తీసుకోండి. డిస్కుకి తాళం వేసే విండోస్ సదుపాయం బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూడండి. బయాస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగులు) మార్పులు చేస్తే అది 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. మైక్రోసాఫ్ట్ అకౌంటులోంచి ఆ కీ కాగితం మీద రాసుకోండి, లేదా ఆ ఒక్క రోజుకి బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేయండి. రీఫర్బిష్డ్ సిస్టమ్‌లలో బయాస్‌కి పాత ఆఫీసు పాస్‌వర్డు మిగిలిపోయి ఉండటం చూశాను. ముందే బయాస్‌లోకి వెళ్ళి చూసి, ఉంటే అమ్మినవాళ్ళ చేత తీయించుకోండి. కంపెనీ సైట్లో కొత్త బయాస్ ఉంటే పాత ఎస్‌ఎంపీఎస్ ఉండగానే, కరెంటు పోని సమయంలో, యూపీఎస్ మీద వేసుకోండి.

8. ఎస్‌ఎంపీఎస్ మార్చడం

కరెంటు తీగ పీకి, బటన్ పది సెకన్లు నొక్కి, ఇనుము ముట్టుకుని మొదలుపెట్టండి. ఏ తీగ తీసినా ముందు ఫొటో. ప్లగ్గుల పక్కన ఉండే నొక్కుడు కొక్కేన్ని నొక్కి పట్టుకుని ప్లగ్గుని లాగండి, తీగని లాగొద్దు. ఏళ్ళుగా కదలని ప్లగ్గులు గట్టిగా ఉంటాయి, అటూ ఇటూ మెల్లగా ఊపితే వస్తాయి. వెనక స్క్రూలు తీసి, లోపల ఇంకో కొక్కెం ఉంటే దాన్ని నొక్కి ఎస్‌ఎంపీఎస్‌ని జరిపి బయటికి తీయండి. దాన్ని విప్పి చూడాలనే కోరిక వద్దు. కరెంటు తీసేసినా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజీ ఉంటుంది.

కొత్తదాన్ని బిగించేముందు బల్ల మీదే పరీక్షించండి. ఎస్‌ఎంపీఎస్ టెస్టరు తక్కువ ధరకే దొరుకుతుంది. 24 పిన్నుల ప్లగ్గు అందులో పెట్టి ఆన్ చేస్తే వోల్టేజీలు చూపిస్తుంది. 12 వోల్టులు 11.4 నుంచి 12.6 మధ్య, 5 వోల్టులు 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి. పాత రకం ఎస్‌ఎంపీఎస్ అయితే వెనక ఎర్ర స్విచ్చు ఉండొచ్చు, అది 230 మీదే ఉండాలి.

క్యాబినెట్‌లో దించేటప్పుడు ఎస్‌ఎంపీఎస్ ఫ్యాను గాలి ఆడే వైపు తిరగాలి. నాలుగు స్క్రూలూ సగం సగం బిగించి, అన్నీ పడ్డాక గట్టిగా తిప్పండి. తర్వాత 24 పిన్నుల ప్లగ్గుకి ఎడాప్టరు, ఎడాప్టరు బోర్డుకి. ప్రాసెసరు ప్లగ్గు 4+4గా విడిపోతుంది, బోర్డులో 4 ఉంటే ఒక సగం చాలు. ప్రాసెసరు ప్లగ్గుకీ కార్డు 8 పిన్నుల ప్లగ్గుకీ పోలిక ఎక్కువ, కానీ లోపల 12 వోల్టులూ గ్రౌండూ తారుమారుగా ఉంటాయి. ప్లగ్గు మీద సీపీయూ అనో పీసీఐఈ అనో రాసి ఉంటుంది. బలం పెట్టాల్సి వస్తోందంటే తప్పు ప్లగ్గే.

మాడ్యులర్ (తీగలు విడిగా ఊడివచ్చే) ఎస్‌ఎంపీఎస్ కొన్నవాళ్ళకి ఒక హెచ్చరిక: వేరే ఎస్‌ఎంపీఎస్ తీగలు, అదే కంపెనీవైనా సరే, దీనికి వాడొద్దు. ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరుసకి ఒక ప్రమాణం లేదు. ప్లగ్గు చక్కగా దిగుతుంది, ఆన్ చేయగానే ఎస్ఎస్‌డీ పోతుంది.

హార్డ్‌డిస్క్ కరెంటు బోర్డు నుంచి వస్తుంటే దాన్ని అలాగే ఉంచండి, కదిలించక్కర్లేదు. ఇక్కడ కార్డు పెట్టకుండా ఒకసారి మానిటరుని బోర్డుకే తగిలించి ఆన్ చేయండి. విండోస్ దాకా వచ్చిందంటే ఎస్‌ఎంపీఎస్ పని అయిపోయింది. రెండు మార్పులూ ఒకేసారి చేస్తే, తేడా వచ్చినప్పుడు దేనివల్లో తెలియక తల పట్టుకోవాలి.

9. కార్డు పెట్టడం

మళ్ళీ కరెంటు తీయండి. స్లాటు ఎదురుగా వెనక పట్టీలు రెండు తీసేయండి. స్లాటు చివర చిన్న ప్లాస్టిక్ కొక్కెం తెరిచి, కార్డుని రెండు అంచుల దగ్గర పట్టుకుని నిటారుగా దించండి. టక్ మని కొక్కెం పడాలి. బంగారు రంగు పళ్ళు బయటికి కనిపిస్తే సరిగ్గా దిగలేదు. స్క్రూ వేశాక కరెంటు ప్లగ్గు పెట్టండి. 8 పిన్నులది 6+2గా వస్తే రెండు ముక్కల్నీ వేళ్ళతో కలిపి పట్టి ఒకేసారి నొక్కండి. తీగలు ఫ్యాన్లకి తగలకుండా టై కట్టండి.

మానిటరు తీగని కార్డు వెనక సాకెట్టుకి మార్చండి. కార్డు పనిచేయట్లేదని నాకు ఫోన్ చేసినవాళ్ళలో చాలామంది తీగని పాత బోర్డు సాకెట్టులోనే ఉంచినవాళ్ళు.

10. మొదటిసారి ఆన్ చేశాక

తెర మీద ఏమీ రాకపోతే కంగారు పడకుండా రెండు నిమిషాలు ఆగండి. మొదటిసారి బోర్డు తనంతట తాను ఒకటి రెండుసార్లు ఆరి వెలగొచ్చు. అయినా రాకపోతే కార్డు తీసి మళ్ళీ గట్టిగా దించండి, 8 పిన్నుల ప్లగ్గు చూడండి. అప్పటికీ రాకపోతే కార్డు తీసేసి పాత సాకెట్టుతో బయాస్‌లోకి వెళ్ళండి. పాత పద్ధతి లెగసీ బూట్ ఉంటే కొత్త పద్ధతి యూఈఎఫ్ఐకి మార్చాలి, కొత్త కార్డులకి అది అవసరం. కానీ విండోస్ పాత ఎంబీఆర్ డిస్కు పద్ధతిలో వేసి ఉంటే అలా మార్చగానే బూట్ కాదు. విండోస్‌లోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీతో ముందు డిస్కుని మార్చుకోవాలి. డిస్‌ప్లే వరుసలో ఆటో లేదా పీసీఐఈ అని ఎంచుకోండి. పవర్ బటన్ దగ్గర దీపం ఎన్నిసార్లు మినుకుతోంది, ఎన్ని బీపులు వస్తున్నాయి అన్నది లెక్కపెడితే వాటి అర్థం మాన్యువల్‌లో ఉంటుంది.

తెర వచ్చాక డ్రైవరు కంపెనీ సైట్లోంచి దింపి వేయండి. ఇదివరకు వేరే కార్డు ఉండి ఉంటే సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే ప్రోగ్రాముతో పాత డ్రైవరు తుడిచాక వేయండి, లేకపోతే అక్కర్లేదు.

జీపీయూ-జడ్ తెరిచి స్లాటు వేగం చెప్పే బస్ వరుస చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు 1.1 అని తక్కువ చూపిస్తుంది, అది కరెంటు ఆదా. లోడు మీద 3.0 కావాలి.

ఇక పరీక్ష. వేడి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి పెట్టి, కార్డుకి పూర్తి లోడు పెట్టే ఫర్‌మార్క్ పది నిమిషాలు, తర్వాత మీరు రోజూ చేసే పని ఒక గంట నడపండి. కార్డు 80 డిగ్రీల లోపు ఉంటే నిశ్చింత, 85 దాటుతుంటే క్యాబినెట్‌లో గాలి ఆడటం లేదు. బ్రాండెడ్ క్యాబినెట్లకి ముందువైపు రంధ్రాలు తక్కువ. మావాడి దానికి ముందు ఒక 92 మిల్లీమీటర్ల ఫ్యాను కలిపితే తేడా బాగా కనిపించింది. లోడు మీద సిస్టమ్ ఒక్కసారిగా ఆరిపోతే ఎస్‌ఎంపీఎస్ వైపు చూడండి. తెర నల్లబడి ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటే కార్డు లేదా డ్రైవరు వైపు. మూత తీసి ఎడాప్టరు ప్లగ్గుని చేత్తో ముట్టి చూడండి, గోరువెచ్చగా ఉండొచ్చు, చెయ్యి పెట్టలేనంత వేడి ఉండకూడదు.

బ్లెండర్ వాళ్ళు ప్రిఫరెన్సెస్‌లో సిస్టమ్ కింద ఆప్టిక్స్ ఎంచుకుని, సైకిల్స్ రెండర్ డివైస్‌ని జీపీయూకి మార్చాలి. ఇది చేయకపోతే కొత్త కార్డు ఖాళీగా కూర్చుని ప్రాసెసరే కష్టపడుతుంది.

11. యూపీఎస్, ఎర్తింగ్

కార్డు మార్చాక పాత యూపీఎస్ చాలదు. మా లెక్కలో లోపల 320 వాట్లు, 85 శాతం సామర్థ్యం చొప్పున గోడ నుంచి సుమారు 376, మానిటరుకి ఇంకో 25. మొత్తం 400. మామూలు 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లే. రెండరింగు నడుస్తుండగా కరెంటు పోతే యూపీఎస్ కూడా కుయ్ మని ఆరిపోతుంది, అదే జరిగింది కూడా. 600 వాట్లు ఇచ్చే 1000 వీఏ పెట్టాం. కొనేటప్పుడు వీఏ కాకుండా వాట్ల అంకె అడగండి.

అద్దె గదుల్లో మూడో పిన్ను ఉన్నా దాని వెనక ఎర్తు తీగ ఉండకపోవచ్చు. క్యాబినెట్ ముట్టుకుంటే సన్నగా జివ్వుమంటే అది లేనట్టే. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి సాకెట్టులో న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య వోల్టేజీ కొలిపించండి, రెండు మూడు వోల్టులకి మించకూడదు. పీజీ ఓనరుని అడగడానికి మా వాడు మొదట సిగ్గుపడ్డాడు. నేనే వెళ్ళి అడిగాను, మరుసటి వారం ఆ అంతస్తంతా కొత్త ఎర్తు తీగ లాగించాడు.

పాత ఎస్‌ఎంపీఎస్‌ని పారేయకుండా స్క్రూలతో సహా డబ్బాలో పెట్టి, పైన మోడల్ నంబరు రాసి ఉంచండి. రేపు ఈ సిస్టమ్ అమ్మేటప్పుడు కార్డునీ కొత్త ఎస్‌ఎంపీఎస్‌నీ తీసుకుని, అది తిరిగి బిగించి ఇచ్చేయొచ్చు.